చెవిలో మోగిన బాంబు

2005 డిసెంబర్. అమెరికాలో ఓ యూనివర్సిటీ హాస్టల్. రాత్రి పదకొండు దాటింది. బయట మంచు కురుస్తోంది. కిటికీ అద్దం తెల్లగా మసకబారింది. గదిలో మాత్రం ఉక్క. బల్ల కింద కంప్యూటర్ డబ్బా రొద పెడుతూ వేడిగాలి కక్కుతోంది. పక్క మంచం మీద రూమ్మేట్ ముసుగుతన్ని పడుకున్నాడు. పొద్దున్నే ఇద్దరికీ పరీక్ష. పడుకున్నది ఒక్కడే.

రెండోవాడు తెరకి అతుక్కుపోయాడు. చెవులకి హెడ్‌సెట్. తెర మీద కొండ కడుపులో ఓ గుహ. నేలంతా కరిగి పారుతున్న రాయి. ఎదురుగా నిలువునా మండుతున్న ఆకారం. పేరు బేరన్ గెడ్డన్. దాని చుట్టూ నలభై మంది.

నలభై బొమ్మలు కాదు, నలభై ఇళ్లు. ఒకడు నైట్ డ్యూటీకి ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి కూర్చున్నాడు, ఒకావిడ చంటిపిల్లని ఒళ్లో జోకొడుతూ ఒంటిచేత్తో మౌస్ తిప్పుతోంది, ఇంకొకడి పక్కన పిజ్జా చల్లారి అట్టలా బిగుసుకుపోయింది, మరొకడి తండ్రి మెట్ల కింద నుంచి మూడోసారి కేకేస్తున్నాడు, అయినా ఒక్కరూ కుర్చీలోంచి లేవడం లేదు, ఎందుకంటే నలభై మందినీ ఒకే రాత్రి ఒకే చోటికి ఈడ్చుకొచ్చేసరికి నాయకుడికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇవాళ జారిపోతే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలీదు.

హెడ్‌సెట్‌లో నాయకుడి గొంతు గరగరలాడింది.

"అందరూ రెడీనా? వెళ్తున్నాం."

ముందు ట్యాంక్ దూకాడు. దెబ్బలు కాచుకోవడం అతని పని. వెనక హీలర్లు. పడిపోతున్నవాళ్ల ప్రాణం నిలబెట్టడం వాళ్ల పని. మిగతావాళ్లు కొట్టాలి. మన కుర్రాడు మంత్రగాడు. మంచు బాణాలు విసరాలి. విసురుతున్నాడు. చూపు మాత్రం ఎడమవైపు పైన, నీలం గీత మీదే ఉంది. ఆ గీత అయిపోతే మంత్రాలు ఆగిపోతాయి. గెడ్డన్ ఆ నీలాన్నే కాల్చేస్తుంది. గీత కరిగిపోతోంది. కుర్రాడు దాన్నే చూస్తున్నాడు. కుడివైపు పై మూలన గోరంత బొమ్మ ఒకటి వెలిగింది. దాన్ని అతను చూడలేదు.

ఎనిమిది సెకన్లు.

ఆ బొమ్మకి అర్థం ఒక్కటే. గెడ్డన్ ఇతణ్ణి బాంబుగా మార్చింది. ఎనిమిది సెకన్లలో పేలతాడు. పక్కనున్నవాళ్లని కూడా తీసుకుపోతాడు. విరుగుడు లేదు. చేయగలిగింది ఒక్కటే, అందరికీ దూరంగా పరుగెత్తడం. కుర్రాడు ఇంకో బాణం విసిరాడు. ఇంకొకటి. నీలం గీత వంక చూశాడు. "కొంచెం ఉంది, పర్లేదు" అనుకున్నాడు.

తెర ఎర్రగా మెరిసింది.

అతని బొమ్మ గుహ పైకప్పు దాకా ఎగిరింది. చుట్టూ నిలబడ్డ మంత్రగాళ్లు పిట్టల్లా రాలిపోయారు. వాళ్ల మధ్యలో నిలబడ్డ హీలర్లూ పోయారు. ట్యాంక్‌కి ప్రాణం పోసేవాళ్లు లేరు. అరనిమిషంలో గుహ నిండా శవాలు. దీన్ని ఆటగాళ్లు వైప్ అంటారు. పలక మీద రాత తుడిచేసినట్టు జట్టంతా తుడిచిపెట్టుకుపోవడం.

హెడ్‌సెట్‌లో రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత నాయకుడు అడిగాడు. అరవలేదు. అదే భయం.

"ఎవరు బాంబు?"

కుర్రాడి చెవులు వేడెక్కాయి. నలభై మంది వింటున్నారు. మైకు బటన్ మీద వేలు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"నేనే అన్నా. చూసుకోలేదు."

"చూడొద్దు." నాయకుడు మెల్లగా అన్నాడు. "వినండి. అందరూ ఐదు నిమిషాలు ఆటలోంచి బయటికి పొండి. బాస్ హెచ్చరికల యాడాన్ వేసుకుని రండి. అది లేకుండా ఈ గుహలో ఎవడూ అడుగుపెట్టడు."

బాస్ అంటే గెడ్డన్ లాంటి పెద్ద శత్రువు. యాడాన్ అంటే ఆటగాళ్లే రాసి, ఆటకి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. వీళ్లు ఆడుతున్న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ని తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ మొదట్నుంచీ ఈ తలుపు తెరిచే ఉంచింది. లువా అనే తేలికపాటి భాష కాస్త వచ్చినవాడు ఎవడైనా రాసుకోవచ్చు. ఆ రోజుల్లో పోరాటంలో జరిగే ప్రతి సంగతీ తెర మూలన అక్షరాలుగా పరుగులు తీసేది. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరికి విషం ఎక్కింది, అన్నీ. మనిషి కన్ను ఆ వరద చదవలేదు. ప్రోగ్రామ్ చదువుతుంది. "నీకు లివింగ్ బాంబ్ తగిలింది" అనే వాక్యం కనపడగానే అది తెర మధ్యలో పెద్దక్షరాలు కొట్టి, ఓ గంట మోగిస్తుంది. అంతే. అందులో ఇంతకుమించి మాయ లేదు.

అర్ధరాత్రి పన్నెండున్నర. రెండో ప్రయత్నం.

గెడ్డన్ సగం దాకా కాలింది. కుర్రాడు మళ్లీ నీలం గీతనే చూస్తున్నాడు. అలవాటు ఒక్క రాత్రిలో పోదు. బాణం. బాణం. బాణం ఎత్తాడు...

చెవిలో గంట ఖంగుమంది.

కన్ను ఇంకా గీత మీదే ఉంది. వేళ్లు మాత్రం కదిలిపోయాయి. మంత్రం సగంలో వదిలేశాడు. వెనక్కి తిరిగాడు. పరుగు. గుహ గోడ దాకా. ఒక్కడే. పేలాడు, ఎగిరాడు, నేలమీద పడ్డాడు. తెర మీద అతని ప్రాణం సగం మిగిలింది. పక్కన ఒక్కరికీ గీత కూడా పడలేదు. హెడ్‌సెట్‌లో ఎవరో ఈల వేశారు. రూమ్మేట్ ముసుగులోంచి తల బయటపెట్టి తిట్టాడు. ఇంతలో నాయకుడి గొంతు మారిపోయింది.

"రెండు శాతం! అందరూ దూరం! దూరం!"

ప్రాణం రెండు శాతానికి వస్తే గెడ్డన్ తనే పేలిపోతుంది. పోతూ పోతూ తీసుకుపోగలిగినంత మందిని తీసుకుపోతుంది. నలభై మందీ నలుదిక్కులా పరిగెత్తారు. గుహ దద్దరిల్లింది. పొగ తేలింది. బతికినవాళ్లని లెక్కపెట్టుకోవడానికి ఆ రాత్రి చాలాసేపు పట్టింది, ఎందుకంటే అందరూ ఒకేసారి అరుస్తున్నారు.

ఈ కుర్రాడి పేరు అక్కర్లేదు. ఈ గది ఇలాంటి ఎన్నో గదులని కలిపి అల్లింది. ఆ ఏడాది ప్రతి సర్వర్‌లో, ప్రతి వారం, ఎవడో ఒకడు బాంబయ్యాడు. చాలామంది చూసుకోలేదు. వినడం నేర్చుకున్నవాళ్లే ఆ గుహ దాటి, చివర్న కూర్చున్న బాస్ రాగ్నరోస్ దాకా వెళ్లారు.

వినకపోతే ఏమవుతుందో అప్పటికే లోకమంతా చూసేసింది కూడా. అదే ఏడాది మే నెలలో ఇదే ఆటది ఓ వీడియో బయటికొచ్చింది. జట్టంతా కూర్చుని జాగ్రత్తగా వ్యూహం పన్నుతుంటే, కుర్చీలోంచి లేచి తిండికి వెళ్లిన ఒకడు తిరిగొచ్చి, ఒక్క ముక్క కూడా వినకుండా, తన పేరు తనే గట్టిగా అరుచుకుంటూ డ్రాగన్ పిల్లల గూట్లోకి దూకేస్తాడు. లీరాయ్ జెంకిన్స్. జట్టంతా హతం. అది కావాలని నటించి తీసిన వీడియో అని తర్వాత తీసినవాళ్లే చెప్పారు. అయినా చూసిన ప్రతివాడికీ తన జట్టులో అలాంటివాడు ఒకడు గుర్తొచ్చాడు.

ఇంతకీ కంటికి అందనిది చెవికెలా అందింది?

ఆర్టీసీ బస్సులో డ్రైవర్ వెనక్కి తిరిగి చూడడు. చూస్తే బస్సు కాలవలో ఉంటుంది. వెనక నుంచి కండక్టర్ "హోల్డాన్" అంటాడు, కాలు బ్రేకు మీద పడుతుంది. "రైట్ రైట్" అంటాడు, బస్సు కదులుతుంది. కళ్లు రోడ్డుకి, చెవులు కండక్టర్‌కి. జట్టంతా కలిసి బాస్ మీద పడే రెయిడ్‌లో ఆటగాడిదీ అదే బతుకు. చూపు ఎక్కడో ఒక చోటే నిలుస్తుంది. వినికిడికి ముందూ వెనకా లేదు. పైగా అది వేగం. వెలుగు చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు 180 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. శబ్దం విని కదపడానికి సుమారు 140 నుంచి 160 చాలు. తేడా సెకనులో పాతికో వంతు. వినడానికి ఏమీ కాదు. గుహలో నిలబడి చూడండి.

ఇంకో చిత్రం. 1959లో నెవిల్ మోరే అనే శాస్త్రవేత్త కొందరికి రెండు చెవుల్లో రెండు వేరువేరు మాటలు వినిపించాడు. ఒక చెవిలోది వింటూ పైకి చెప్పమన్నాడు, రెండోది వదిలేయమన్నాడు. వదిలేసిన చెవిలో ఏం చెప్పినా వాళ్లకి ఎక్కలేదు. అదే చెవిలో సొంత పేరు పిలిస్తే మాత్రం మూడింట ఒక వంతు మంది టక్కున పట్టేశారు. ఈ కిటుకు రెయిడ్ ఆటగాళ్లకి కూడా దొరుకుతుంది. కాకపోతే అంతకంటే ముందు ఒక తోడేలు రావాలి.

2007. జనవరిలో ఆటకి కొత్త భాగం వచ్చింది. దాంతోపాటు కారజాన్ అనే పాడుబడ్డ మహల్. ఇక్కడికి నలభై మంది అక్కర్లేదు, పది మంది చాలు. మెట్లెక్కి ఓ పాత నాటకశాలలోకి వస్తారు. కుర్చీల్లో దెయ్యాలు ప్రేక్షకులు. వేదిక మీద ఎర్రటి తెర దించి ఉంది. తెర వెనక ఏముందో ఎవరికీ తెలీదు. మూడు నాటకాల్లో ఏదో ఒకటి. ఏ వారం ఏది పడుతుందో ప్రదర్శన మొదలయ్యాకే తెలుస్తుంది.

తెర లేచింది.

వేదిక మీద ఓ ముసలమ్మ. మంచం పక్కన నిలబడి ఉంది. ట్యాంక్ వెళ్లి పలకరించాడు. ముసలమ్మ వంగింది, చర్మం చిట్లింది, లోపల్నుంచి ఏనుగంత తోడేలు ఒళ్లు విరుచుకుంది. పోరాటం మొదలైంది. కాసేపటికి హీలర్ తెర మీద ఏదో తేడా. చేతిలో కర్ర లేదు. ఒంటి మీద ఎర్ర గౌను. తను మోకాలెత్తు పిల్లగా మారిపోయింది. మంత్రం పలకదు. దెబ్బ కొట్టలేదు. కవచం సున్నా. కాళ్లలో మాత్రం మామూలు కంటే ఒకటిన్నర రెట్లు వేగం. తోడేలు ట్యాంక్‌ని వదిలేసింది. తల తిప్పింది. పారిపో పిల్లా, పారిపో అంటూ ఎకసెక్కంగా ఊళ పెట్టింది.

ఇరవై సెకన్లు వేదిక చుట్టూ పరుగు. మూల మలుపులో ఓ కుర్చీకి తగులుకుంటే అంతే. వెనక గోళ్ల చప్పుడు. హెడ్‌సెట్‌లో తొమ్మిది మంది ఒకేసారి "ఎడమకి! ఎడమకి!" అని అరుస్తున్నారు. ఎవరి ఎడమ?

ఆ ఊళ అక్కడితో ఆగలేదు. అసలు కథ అక్కడే మొదలైంది. బాస్ హెచ్చరికలకి అప్పట్లో బాగా వాడుకలోకి వచ్చిన యాడాన్ డెడ్లీ బాస్ మాడ్స్. లా వెండెట్టా అనే గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) పేరుతో మొదలైన పాత యాడాన్‌కి అది వారసుడు. దాన్ని రాసినవాళ్లు కొత్త శబ్దాలు తయారుచేసుకోలేదు. ఆటలో ఉన్నవే ఏరుకొచ్చారు. జెండా ఎత్తుకుపోయే పోటీలో మోగే ఓ సంగీతపు ముక్క ఒకటి తీసుకున్నారు. ఆ తోడేలు ఊళ ఒకటి తీసుకున్నారు. తోడేలుతో ఏ సంబంధమూ లేని బాస్‌ల దగ్గర, "ఇప్పుడు పరుగెత్తకపోతే చస్తావ్" అనే చోటల్లా ఆ ఊళ పెట్టారు.

ఫలితం తమాషాగా ఉంది. కారజాన్ గుమ్మం కూడా ఎన్నడూ తొక్కని కొత్త ఆటగాళ్లు, ఏళ్ల తర్వాత, ఎక్కడో మంచుకొండల్లో, ఎక్కడో సముద్రం అడుగున, ఆ గొంతు వినపడగానే ఎందుకో తెలీకుండానే పరుగెత్తారు. భయం వాళ్లకి వారసత్వంగా వచ్చింది.

బాస్‌లు కూడా ఊరుకోలేదు.

2017 వేసవి. యూరప్. మెథడ్ అనే జట్టు. ప్రపంచంలో అందరికంటే ముందు చివరి బాస్‌ని పడగొట్టాలన్నదే వాళ్ల పంతం. ఆ వేసవి రెయిడ్‌లో చివరి బాస్ కిల్‌జేడెన్. అన్నిటికంటే కష్టమైన మిథిక్ స్థాయి. ఇరవై మంది. శూన్యంలో వేలాడే చిన్న వేదిక. అంచు దాటితే కింద ఏమీ లేదు.

వేదిక మీద ఓ నల్లటి సుడి పుడుతుంది. కొన్ని సెకన్లకి పగులుతుంది. పగిలిన చోటు నుంచి ఇరవై మందినీ ఒక్క తోపుతో విసిరేస్తుంది. ముందే లెక్క చూసుకుని నిలబడితే వేదిక మీదే పడతారు. అరక్షణం తప్పితే అగాధంలోకి. ఆకాశం నుంచి నిప్పులు రాలతాయి, అవి నేలని తాకక ముందే ఎవరో ఒకరు వెళ్లి మీద వేసుకోవాలి. ఇవన్నీ దాటారనుకోండి. కిల్‌జేడెన్ మాయమవుతాడు.

చీకటి.

తెర దాదాపు నల్లగా అయిపోతుంది. ఆటగాడికి తన కాళ్ల చుట్టూ కాసింత మేర తప్ప ఏమీ కనపడదు. పక్కవాడు ఎక్కడున్నాడో తెలీదు. వేదిక అంచు ఎక్కడో తెలీదు. ఆ చీకట్లో ఎక్కడో ఇల్లిడాన్ నిలబడి ఉంటాడు, కళ్లకి గంతలు కట్టుకున్న యోధుడు. అతని దగ్గరికి చేరినవాళ్లకే కాసేపు చూపు వస్తుంది. దారి తప్పినవాళ్లు దారి తప్పినట్టే.

ఇలాంటి చోట ఏ జట్టుకైనా దిక్కు చెవే. ఇరవై మంది, ఇరవై గదులు, వేసవి ఉక్క, ఫ్యాన్లు ఆపేసుకున్నారు మైకులో రొద రాకూడదని, మాట్లాడే హక్కు ఒకరిద్దరికే, మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి వింటారు, యాడాన్ గొంతు ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెడుతుంది, నాయకుడు దిక్కు చెబుతాడు, వేళ్లు కదులుతాయి, కన్నుకి పనే లేదు, ఎవరో ఒకడు ఒక్క అడుగు ఎక్కువ వేస్తాడు, హెడ్‌సెట్‌లో చిన్న నిట్టూర్పు, మళ్లీ మొదటికి.

మళ్లీ. మళ్లీ. మళ్లీ. పది కాదు, వంద కాదు. మెథడ్ కిల్‌జేడెన్‌ని పడగొట్టింది 654వ ప్రయత్నంలో. అప్పటికి ప్రపంచంలో ఇంకెవరూ పడగొట్టలేదు.

ఈ లోపు వీక్‌ఆరాస్ అనే మరో యాడాన్ అందరి కంప్యూటర్లలోకీ చేరిపోయింది. దాంతో ఏ శబ్దం ఎప్పుడు రావాలో ఎవరికి వాళ్లు అల్లుకోవచ్చు. కంప్యూటర్ చేత మాట్లాడించొచ్చు. కావాలంటే పేరు పెట్టి పిలిపించొచ్చు. బాంబు తగిలినవాడికి ఇక గంట మోగదు. "నువ్వు, ఎడమవైపు, మూడో గుర్తు" అని చెవిలో చెబుతుంది. మోరే 1959లో పట్టుకున్న కిటుకు ఇలా గుహల్లోకి చేరింది.

ఇక్కడే బెడిసికొట్టింది.

ఓ మామూలు గిల్డ్. వారానికి రెండు రాత్రులు ఆడే ఉద్యోగస్తులు. నాయకుడు పొద్దున ఆఫీసులో కూర్చుని ముప్పై హెచ్చరికలు తయారుచేశాడు. ప్రతి దెబ్బకీ ఓ శబ్దం. గంట, ఈల, కుక్క మొరుగుడు, ఆడగొంతు, మగగొంతు. రాత్రి రెయిడ్ మొదలైంది. మొదటి నిమిషంలోనే చెవిలో తీర్థం మొదలైంది. రెండో నిమిషంలో అందరూ మామూలుగానే పడిపోయారు. ఎప్పుడూ తప్పు చేయని హీలర్ కూడా బాంబుతో మధ్యలోనే నిలబడిపోయింది.

"గంట మోగలేదా అక్కా?" నాయకుడు అడిగాడు.

"మోగిందిరా. ఎన్నోదో తెలీలేదు."

ఆస్పత్రి ఐసీయూలో పనిచేసే నర్సులని అడగండి, ఈ మాట వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ప్రతి యంత్రమూ కుయ్యోమంటుంటే చెవి అన్నిటినీ ఒకే రొద కింద జమకట్టేస్తుంది. అసలు ప్రమాదం మోగినప్పుడు ఎవరూ తలెత్తరు. అలారం అలసట అని దానికి వైద్యరంగంలో పేరే ఉంది. ఆ నాయకుడు ఆ రాత్రే కూర్చుని ముప్పైలో చాలావరకు తీసేశాడు. చావుకి దారితీసేవే ఉంచాడు. మరుసటి వారం హీలర్ పరుగెత్తింది. మిగతా ఆటగాళ్లు తమ శబ్దాలు తీసేయడానికి ఒప్పుకోవడమే కష్టమైంది. ఎవడి గంట వాడికి ముద్దు.

ఇంత సాంకేతికతా వచ్చాక కూడా అన్నిటికంటే గొప్ప హెచ్చరిక యంత్రానిది కాదు. మనిషిది. ఇరాక్ యుద్ధంలో పేలుడులో చూపు పోగొట్టుకున్న ఓ బ్రిటిష్ సైనికుడు ఈ ఆట ఆడాడు. రెయిడ్లే ఆడాడు. తెర మీద ఏముందో అతనికి కనపడదు. తోటి ఆటగాడు ఒకడు హెడ్‌సెట్‌లో అతనికి కళ్లయ్యాడు. ఎటు కదలాలో, ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆగాలో చెబుతూ పోయాడు. ఇవతలివాడు తన పాత్ర తను ఆడుతూనే, అవతలివాడి చీకటిని కూడా మాటల్లో పెట్టాలి. ఒక్క సెకను ఊరుకుంటే ఇద్దరూ పోతారు. జట్టు అతన్ని జాలితో పెట్టుకోలేదు. అతను కొట్టిన దెబ్బ దెబ్బే.

అలాంటివాడికి తోడుగా అలాంటి స్నేహితుడు దొరక్కపోతే?

ఈ ప్రశ్నకి జవాబు వింతైన దారిలో వచ్చింది. బ్లిజార్డ్‌కి యాడాన్లతో చాలా ఏళ్లుగా తగువే. 2010లో, ఎక్కడ నిలబడాలో నేల మీదే గీతలు గీసి చూపించే యాడాన్ ఒకటి వస్తే దాని నోరు కట్టేసింది. తర్వాత రెయిడ్‌లో తోటివాళ్లు నిలబడ్డ చోటు కూడా యాడాన్లకి తెలియకుండా దాచేసింది. శబ్దాల జోలికి మాత్రం రాలేదు. చెవికి చెప్పే ప్రోగ్రామ్‌లు మరింత తెలివిమీరాయి. వాటిని తప్పించుకోవడానికి బాస్‌లు మరింత కష్టమయ్యాయి. ఆ కష్టాన్ని తట్టుకోవడానికి మళ్లీ ప్రోగ్రామ్‌లు. యాడాన్ లేకుండా ఆడటం అసాధ్యం అనే చోటికి ఆట చేరింది. ఆయుధ పోటీ అంటే ఇదే. ఎవరో ఒకరు ఆపాలి.

2025లో కంపెనీ ఆపింది. తర్వాతి భాగం మిడ్‌నైట్‌తో పోరాట సమాచారాన్ని యాడాన్లు లెక్కగట్టలేవని ప్రకటించింది. కావాలంటే అలంకరించి చూపించొచ్చు. దాన్నిబట్టి ఆలోచించి ఆటగాడికి సలహా చెప్పడం కుదరదు. వీక్‌ఆరాస్ రాసినవాళ్లు మిడ్‌నైట్ కోసం తమ యాడాన్ తీసుకురాబోమని చెప్పేశారు. ఆటగాళ్లు రెండు వర్గాలుగా చీలి కొట్టుకున్నారు. ఇరవయ్యేళ్లుగా పెంచుకున్న చెవిని కోసేస్తున్నారని ఒకళ్లు. ఇప్పటికైనా ఆట ఆటగా మిగులుతుందని ఇంకొకళ్లు. పేరు పెట్టి పిలిచి దారి చెప్పే గొంతు ఉన్నప్పుడు ఆడుతున్నది మనిషా, ప్రోగ్రామా? రెండో వర్గం అడిగిన ఈ ప్రశ్నకి మొదటి వర్గం దగ్గర గట్టి జవాబు లేదు.

కాకపోతే తీసేసుకున్న చేత్తోనే కంపెనీ ఒకటి ఇచ్చింది. బాస్ తర్వాత ఏం చేయబోతోందో చూపించే హెచ్చరికలని ఆటలోనే కట్టింది. వాటితోపాటు పోరాట శబ్ద హెచ్చరికలు అని కొత్త ఏర్పాటు పెట్టింది. మీ ప్రాణం ఎంత మిగిలిందో, ఎదుటివాడి ప్రాణం ఎంత తగ్గిందో కంప్యూటర్ గొంతు పైకి చదివి చెబుతుంది. యాడాన్ అక్కర్లేదు. లువా రాదా, పర్లేదు. చూపు తక్కువైనవాడు, ఒంటరిగా ఆడేవాడు, కళ్లద్దాలు తుడుచుకునే తీరిక లేనివాడు, ఎవరికైనా ఒకటే.

యాడాన్ల మీద వేటు గురించి ఎవరి వాదన వాళ్లది. ఈ ఒక్క పని మాత్రం ఇరవయ్యేళ్లు ఆలస్యంగా చేసిన మంచి పని. మీరు గానీ మీ ఇంట్లో పిల్లలు గానీ ఈ ఆట ఆడుతుంటే, యాక్సెసిబిలిటీ ఆప్షన్లలో వెతకండి, అక్కడే ఉంది. మొదట ఒక్కటే ఆన్ చేయండి, మీ ప్రాణం తగ్గినప్పుడు చెప్పేది. దానికి చెవి అలవాటు పడ్డాకే రెండోది.